తలకిందుల మేజోడు

"ఎవరు అంటించారు దీన్ని?"

సూన్‌రే గొంతు పెంచలేదు. ఆవిడ ఎప్పుడూ పెంచదు. పెరట్లో జాడీల అరుగు ముందు చీపురు పట్టుకుని నిలబడి, వంటింటి వైపు తిరక్కుండానే అడిగింది.

హేసన్ పెసరపిండి చేతులు తుడుచుకుని బయటికి వచ్చింది. అత్తగారు చూపిస్తున్నది కొత్త సోయా జాడీని. పోయిన శనివారం ఇంటిల్లిపాదీ కూర్చుని, సోయాముద్దలు ఉప్పునీళ్ళలో ఊరేసి పెట్టిన జాడీ అది. నిన్న సాయంత్రం దాకా ఉత్త జాడీయే. ఇప్పుడు దాని మెడకి వరిగడ్డి తాడు ఉంది. తాడులో ఎండుమిరపకాయలూ బొగ్గుముక్కలూ గుచ్చి ఉన్నాయి. జాడీ పొట్ట మీద తెల్లకాగితంతో కత్తిరించిన మేజోడు అంటించి ఉంది. తలకిందులుగా. అరికాలు పైకి, మూతి కిందికి.

ఎవరు చేశారో హేసన్‌కి చూడగానే తెలిసింది. ఆ ఇంట్లో ఇలాంటి పని చేసే మనిషి ఒక్కరే. హేసన్ తల్లి.

"నేను తీసేస్తాను అత్తయ్యా."

"నిన్ను తియ్యమనలేదు. ఎవరు అంటించారని అడిగాను."

వెనకగది తలుపు తెరుచుకుంది. ఒక్‌దాన్ గుమ్మం పట్టుకుని, కుడి మోకాలు మీద చెయ్యి వేసుకుని బయటికి వచ్చింది.

"నేనే వదినగారూ. పొద్దున్నే లేచి కట్టాను. మీ నిద్ర పాడవుతుందని లేపలేదు."

"మధ్యాహ్నం పాస్టరుగారు వస్తున్నారు."

"తెలుసు. అందుకే పెరడు కూడా ఊడ్చాను. మీరు మళ్ళీ ఊడుస్తున్నారు."

సూన్‌రే చేతిలోని చీపురు ఆగింది.

వసంతకాలంలో పాస్టరుగారు సంఘంలోని ఇళ్ళన్నీ తిరుగుతారు. ఇవాళ ఈ వీధి వంతు. ఆదివారం సంఘంలో ఓటింగు ఉంది. ఆడవాళ్ళకి సంఘంలో దక్కే పెద్ద పదవి క్వోన్సా. దానికి ఈసారి సూన్‌రే పేరు పెట్టారు. భర్త చనిపోయిన ఏడే పెట్టాల్సిన పేరు, ఇన్నాళ్ళకి పెట్టారు.

హేసన్ బెంగ మాత్రం ఇవాళ ఓటింగు గురించి కాదు. ఈ చలికాలం మంచు బరువుకి ఊళ్ళో తల్లి ఇంటి కప్పు కూలింది. ఆవిడకి ఇంకెవరూ లేరు. ఆవిడని ఇక్కడే ఉంచుకుందామని పోయిన వారం భర్త యోహన్ భోజనాల దగ్గర అడిగాడు. సూన్‌రే అన్నం తినడం పూర్తి చేసి, "పాస్టరుగారు వచ్చి వెళ్ళాక చెప్తాను" అంది. అంతే. అప్పటినుంచి ఆ ఇంట్లో ఎవరూ ఆ మాట ఎత్తలేదు.

"వదినగారూ, ఇది ప్రార్థన చేసుకునే ఇల్లు" అంది సూన్‌రే.

"చేసుకోండి. నేను వద్దన్నానా? నా మోకాళ్ళ మాట కూడా ఒకటి చెప్పండి, వీలుంటే."

"మరి ఈ తాడేమిటి?"

"మిరపకాయలూ బొగ్గులూ."

"కనిపిస్తున్నాయి."

"జాడీ లోపలా అవే ఉన్నాయి. మొన్న మీ చేత్తో మీరే వేశారు. రేగుపళ్ళు కూడా వేశారు, నేను అక్కడే కూర్చుని చూశాను. లోపల వేస్తే వంటా, బయట కడితే దయ్యమా?"

హేసన్‌కి నవ్వు వచ్చింది. దగ్గినట్టు చేసి మింగేసింది.

"లోపల వేసింది బూజు పట్టకుండా. బయట కట్టింది ఎవరికి భయపడి?"

"పోయినేడు బయట ఏమీ కట్టలేదు కదా" అంది ఒక్‌దాన్. "ఏమైంది?"

పక్కింట్లో ఎవరో బిందెలోకి నీళ్ళు పడుతున్న చప్పుడు వినిపించింది.

పోయినేడు సోయా జాడీ పాడైంది. సూన్‌రే జాడీ పని మొదటిసారి కోడలికి అప్పగించిన ఏడు అది. ఎండాకాలం మూత తీస్తే పురుగులు. యోహన్, హేసన్ కలిసి పెరటి వెనక గొయ్యి తవ్వి అంతా పోశారు. సూన్‌రే ఒక్క మాట అనలేదు. ఏడాదంతా బజారు నుంచి తెచ్చిన సోయాముద్దతోనే పులుసు కాచారు. ఆవిడ రోజూ ఆ పులుసు ఒక్క చెంచా నోట్లో పెట్టుకుని, చెంచా కింద పెట్టి, మిగతా అన్నం కిమ్చీ పచ్చడితో తినేది. హేసన్ ఆ చెంచా చప్పుడు ఏడాదంతా విన్నది.

అందుకే ఈసారి ఉప్పునీళ్ళు కలిపినప్పుడు ఉప్పు చాలిందో లేదో కోడిగుడ్డు వేసి చూసి, అది తేలినా మళ్ళీ తీసి మళ్ళీ వేసింది. పంచాంగంలో గుర్రం రోజున పెడితే మంచిదని ఒక్‌దాన్ అంది. యోహన్‌కి సెలవు దొరికిన రోజున పెట్టారు.

సూన్‌రే చీపురు గోడకి ఆనించింది. అరుగెక్కి తాడు పక్కకి నెట్టి, కాగితం అంచు పట్టుకోబోయింది. చెయ్యి ఆగిపోయింది.

మేజోడు మధ్యలో ఎర్ర క్రేయానుతో సిలువ ఉంది. మేజోడుతో పాటు అదీ తలకిందులైంది.

"నానమ్మా, చింపకు!"

హన్నా ఒంటికాలికే చెప్పు వేసుకుని పరిగెత్తుకుంటూ వచ్చింది. ఈ ఏడు బడికి వెళ్ళాల్సిన పిల్ల.

"అది నేను చేశాను. అమ్మమ్మ గీసి ఇచ్చింది, నేను కత్తిరించాను. అమ్మమ్మ కత్తెర ముట్టుకోనే లేదు."

"ఈ సిలువ?"

"అదీ నేనే. పోయినేడు ఈస్టరుకి సండేస్కూల్లో గుడ్ల మీద వేశాం కదా, అలాగ. అప్పుడు నిటారుగానే ఉంది. అమ్మమ్మ తిప్పి అంటించింది. తిప్పితే కానుకలు కింద పడిపోతాయి అమ్మమ్మా అన్నాను. ఇది కానుకల మేజోడు కాదట. పురుగులన్నీ దీన్లో దూరి బయటికి రాలేవట."

"నేనేం చూడలేదే తల్లీ" అంది ఒక్‌దాన్. ఆవిడ గొంతు తగ్గింది. "చీకట్లో అంటించాను. నాకు ఎరుపు కనపడలేదు. వదినగారూ, ఒట్టు, నాకు కనపడలేదు."

సూన్‌రే కాగితం అంచుని గోటితో తడిమింది. అన్నం మెతుకులు నలిపి అంటించారు. ఎండి బిగిసింది. లాగితే సగంలో చిరుగుతుంది. చిరిగేది సిలువ దగ్గరే.

ఆవిడ చెయ్యి వెనక్కి తీసుకుంది.

టై కట్టుకుంటూ యోహన్ వసారాలోకి వచ్చాడు. తపాలా కచేరీకి వేళయింది. ముగ్గురు ఆడవాళ్ళనీ, జాడీనీ, కూతురినీ చూశాడు.

"జాడీని అటు తిప్పేస్తే సరిపోతుంది కదమ్మా."

"అంచుల దాకా ఉప్పునీళ్ళు ఉన్నాయి. నువ్వు తిప్పుతావా?"

"పోనీ, దుప్పటి కప్పండి."

"ఏం, జాడీకి జలుబు చేసిందా అల్లుడూ?" అంది ఒక్‌దాన్. "ఎండ తగలకపోతే అది పులుస్తుందా?"

సూన్‌రే మూతి కొంచెం కదిలింది. నవ్వో కాదో హేసన్‌కి తెలియలేదు. యోహన్ ఇంకేమీ అనకుండా సైకిలు తీసుకుని వెళ్ళిపోయాడు.

"పిండి పులిసిపోతుంది, పద" అని సూన్‌రే వంటింట్లోకి నడిచింది.

అత్తా కోడలూ పొయ్యికి చెరోవైపు కూర్చున్నారు. హేసన్ పిండిలో కిమ్చీ, పంది మాంసం తరుగు కలిపి పెసరట్లు పోస్తోంది. సూన్‌రే మొలకల బియ్యపు పానకం వడగట్టి, గిన్నెల్లో పోసి, ఒక్కో గిన్నెలో చిన్న చిన్న పైన్‌చెట్టు గింజలు వేసింది. గింజ గింజకీ చెయ్యి ఆగుతోంది.

"అత్తయ్యా, మా అమ్మ తెలియక చేసింది."

"తెలిసే చేశారు. సిలువ సంగతే తెలియలేదు."

"పాస్టరుగారికి నేను చెప్తాను. నేనే కట్టానని."

"అబద్ధం చెప్పి ప్రార్థనకి కూర్చుంటావా?"

హేసన్ అట్టు తిరగేసింది. అట్లు ఒకదాని మీద ఒకటి పేరుకున్నాయి. మొదటి రెండూ మంచివి తీసి పళ్ళెంలో పెట్టి, సూన్‌రే వెనకగది వైపు జరిపింది.

"చల్లారకముందే ఇచ్చిరా."

హేసన్ పళ్ళెం పట్టుకెళ్ళేసరికి ఒక్‌దాన్ పరుపు మడత పెడుతోంది. కూర్చునే, నేల మీద జరుగుతూ.

"ఒక్క మాట నాతో చెప్పి ఉంటే ఏం పోయేదే అమ్మా?"

"చెప్తే వద్దంటావు."

"వద్దనే అంటాను."

"అందుకే చెప్పలేదు." ఒక్‌దాన్ అట్టు తుంపి నోట్లో పెట్టుకుంది. "ఉప్పు సరిపోయింది. నీ చెయ్యి బాగానే ఉందే. పోయినేడు నువ్వు గొయ్యి తవ్వావని విన్న రోజు నుంచి నాకు అదే ధ్యాస. ఈసారీ పాడైతే ఎవరి చెయ్యి మంచిది కాదంటారు? నీ చెయ్యేగా?"

"అత్తయ్య ఏమీ అనరు."

"అనదు. అదే కదే నా భయం. అంటే తిరిగి రెండు అనొచ్చు."

హేసన్ గోడకి జారబడి కూర్చుంది.

"ఆవిడకి ఆదివారం ఓట్లు పడలేదనుకో" అంది ఒక్‌దాన్. "సోమవారం పొద్దున ఏ మొహం పెట్టుకుని అడుగుతావ్, మా అమ్మని ఉంచుకోండి అని?"

"ఒక్క కాగితం ముక్కకి అంత అవుతుందా?"

"నువ్వే చెప్పు. ఈ ఇంట్లో పదేళ్ళుగా ఉంటున్నది నువ్వు."

వంటింట్లోంచి మాడు వాసన వచ్చింది. హేసన్ లేచి పరిగెత్తింది.

మధ్యాహ్నం వీధి తలుపు దగ్గర మాటలు వినిపించాయి. పాస్టరుగారు, ఆయన వెనక సంఘపెద్ద ఒకాయన, ఆయన వెనక పక్కవీధి బాంగ్‌గారు. బాంగ్‌గారు సంఘంలో పరిచారకురాలు. ఏ ఇంటికి వెళ్ళినా ముందు వంటిల్లు చూస్తుంది.

"వందనాలండీ, వందనాలు. దారిలో బురదగా ఉందా?" అంది సూన్‌రే.

"మీ ఇంటి ముందు లేదు" అన్నారు పాస్టరుగారు. "మీ వీధంతా మీరే ఊడుస్తారని చెప్పుకుంటున్నారు."

రాతిమెట్టు మీద చెప్పులు విడిచారు. హేసన్ చాపలు పరిచింది. జాడీల వైపు చూడకూడదని అనుకుంది. ఎవరైనా అటు వెళ్తే ఏదో ఒక వంకతో అడ్డం నిలబడాలని కూడా అనుకుంది. బాంగ్‌గారు చాప మీద కూర్చోకుండా నేరుగా పెరటి గుమ్మం దగ్గరికి వెళ్ళింది.

"కొత్త జాడీ పెట్టారటగా? పోయినేడు పాపం, మీ ఇంటి సంగతి విని నేను ఎంత బాధపడ్డానో. పాస్టరుగారూ, రండి, జాడీకి కూడా ఒక ప్రార్థన చేద్దాం."

హేసన్ అడ్డం వెళ్ళేలోపే అందరూ గుమ్మం దాటారు. సూన్‌రే కదిలింది, కానీ అడ్డు వెళ్ళలేదు. అందరి వెనకా నడిచింది.

జాడీ మెడకి తాడు లేదు.

మేజోడు ఉంది. కానీ తలకిందులుగా లేదు. మూతి పైకి, అరికాలు కిందికి, అందరూ కాలికి తొడుక్కునేటట్టు ఉంది. సిలువ నిటారుగా ఉంది. కాగితం ఎక్కడా చిరగలేదు. దాని చుట్టూ జాడీ మీద తడి ఇంకా ఆరలేదు. కాగితం అంచు దగ్గర నలగని మెతుకు ఒకటి అంటుకుని ఉంది.

"ఇదేమిటి?" అంది బాంగ్‌గారు. "మా అమ్మమ్మ వాళ్ళ ఊళ్ళో ఇలాంటివే అంటించేవాళ్ళు..."

"అది నాది!" అంది హన్నా. "నేను కత్తిరించాను. సిలువా నేనే వేశాను."

పాస్టరుగారు వంగి చూశారు. "మార్చి నెలలో క్రిస్మస్ వచ్చిందా మీ ఇంటికి?"

సంఘపెద్ద నవ్వాడు. హన్నా కూడా నవ్వింది.

"కాదండీ, ఆ ఊళ్ళో వాళ్ళు దాన్ని తలకిందులుగా అంటించేవాళ్ళు" అంది బాంగ్‌గారు. "దయ్యాలు రాకుండా."

"ఇది నిటారుగానే ఉందిగా అమ్మా" అన్నారు పాస్టరుగారు. "పిల్లలు చేసింది పిల్లలు చేసినట్టే ఉండాలి. బావుంది."

అందరూ లోపలికి నడిచారు. సూన్‌రే మాత్రం అక్కడే ఆగింది. తడి ఆరని చోట వేలు పెట్టి చూసింది. ఆవిడ పెళ్ళయ్యాకే సంఘంలోకి వచ్చింది. పుట్టింట్లో ఏటా తల్లి జాడీలకి ఇలాంటి మేజోళ్ళు కత్తిరించింది ఆవిడే. నిటారుగా అంటించిన మేజోడు దేనికీ పనికిరాదని ఆవిడకి తెలుసు. అది ఉత్త కాగితం.

ఆవిడ తలెత్తి హేసన్ వైపు చూసింది. నువ్వా అన్నట్టు.

హేసన్ కాదని తల ఊపింది.

లోపల కీర్తన పాడారు. పాస్టరుగారు వాక్యం చదివి కొంచెంసేపు మాట్లాడారు. పెసరట్లు తిన్నారు, పానకం తాగారు. బాంగ్‌గారు పానకం ఇంకో గిన్నె అడిగి తాగింది.

"ప్రార్థన అంశాలు చెప్పండి" అన్నారు పాస్టరుగారు. "ఈ ఇంటికి ఏం కావాలి?"

"ఇంకేముంటుందండీ" అంది బాంగ్‌గారు. "ఆదివారం ఉంది కదా. అందరి మనసుల్లోనూ అదేగా."

"అది వద్దండి" అంది సూన్‌రే.

గిన్నెలు తీస్తున్న హేసన్ ఆగింది.

"మా వదినగారు, మా కోడలి తల్లి, ఇకనుంచి మా ఇంట్లోనే ఉంటారు. ఆవిడకి మోకాళ్ళ నొప్పులు. కూర్చుంటే లేవలేరు. ఆ మోకాళ్ళ కోసం ప్రార్థన చెయ్యండి."

బాంగ్‌గారు సూన్‌రే వైపు తిరిగింది.

"అయితే ఆవిడ సంఘంలోకి వస్తారన్నమాట" అంది బాంగ్‌గారు.

"ముందు ఇంట్లోకి రానివ్వండి."

హేసన్ గిన్నెలు కింద పెట్టింది. ఒకటి ఒరిగి, మిగిలిన పానకం చాప మీద ఒలికింది. తుడవాలన్న ధ్యాస కూడా లేకపోయింది.

"ఆవిడనీ పిలవండమ్మా" అన్నారు పాస్టరుగారు. "ఎదురుగా కూర్చోబెట్టుకుని చేద్దాం."

హేసన్ వెనకగదికి పరుగులాంటి నడకతో వెళ్ళింది. తలుపు తోస్తూనే, "అమ్మా, విన్నావా?" అంది.

పరుపు మడత పెట్టి గోడవారన ఉంది. దాని మీద దిండు. గది మధ్యలో పళ్ళెం ఉంది. పళ్ళెంలో ఒక పక్క మిరపకాయలు, ఒక పక్క బొగ్గుముక్కలు. వరిగడ్డి తాడు విప్పి, చుట్టి, పక్కన పెట్టి ఉంది. హన్నా కత్తెర ఉంది. ఒక్‌దాన్ వచ్చినప్పుడు తెచ్చుకున్న మూట మాత్రం లేదు. పెరటి దొడ్డితలుపు ఓరగా తెరిచి ఉంది.

హేసన్ తిరిగి వచ్చేసరికి లోపల ప్రార్థన మొదలైపోయింది. ఇంకా చాలా ఇళ్ళు ఉన్నాయని బాంగ్‌గారు తొందరపెట్టిందట, తరవాత తెలిసింది. అందరి తలలూ వంగి ఉన్నాయి. అందరి కళ్ళూ మూసి ఉన్నాయి. పాస్టరుగారు మోకాళ్ళ గురించే మాట్లాడుతున్నారు. నడిచే శక్తి ఇమ్మని అడుగుతున్నారు.

హేసన్ గుమ్మంలో నిలబడిపోయింది. ప్రార్థన మధ్యలో మాట్లాడకూడదు. లోపలికి వెళ్ళలేదు, బయటికీ వెళ్ళలేదు.

సూన్‌రే కళ్ళు తెరిచింది. కోడలి మొహం చూసింది. కోడలి చేతులు చూసింది, అవి ఖాళీగా ఉన్నాయి. తరవాత ఆవిడ చూపు తెరిచిన తలుపులోంచి రాతిమెట్టు మీదికి వెళ్ళింది. మెట్టు మీద పాస్టరుగారి నల్లబూట్లు, సంఘపెద్ద బూట్లు, రెండు జతల తెల్ల రబ్బరు చెప్పులు ఉన్నాయి. మూడు జతలు ఉండాలి. ఒక్‌దాన్ జత లేదు.

ఆ ఇంట్లో ఇన్నేళ్ళలో ప్రార్థన మధ్యలో లేచిన మనిషిని హేసన్ చూడలేదు. హన్నా పసిపిల్లగా ఉన్నప్పుడు గుక్కపట్టి ఏడ్చినా, ఆమేన్ అన్నాకే సూన్‌రే ఎత్తుకునేది.

సూన్‌రే చాప మీద చెయ్యి ఆనించి లేచింది. ఆవిడ మోకాళ్ళు కూడా చప్పుడు చేశాయి. బాంగ్‌గారు ఒక కన్ను తెరిచింది. తెరిచిన కన్ను మళ్ళీ మూయలేదు. సూన్‌రే ఆ కంటి ముందు నుంచే నడిచి, మెట్టు దిగి, అందిన చెప్పుల్లో కాళ్ళు పెట్టింది. అవి బాంగ్‌గారి చెప్పులు. మడమలు బయటికి వచ్చాయి. అలాగే నడిచింది, వీధి తలుపు దాకా నడిచి, అక్కడినుంచి పరిగెత్తింది.

హేసన్ కూడా మెట్టు దిగింది. సందు చివర పెద్ద రోడ్డు మీద బస్సు హారను మోగింది. వచ్చే బస్సో, వెళ్ళే బస్సో తెలియలేదు.

లోపల పాస్టరుగారు ఇంకా ఆమేన్ అనలేదు.